సోగా ఇంటి మేనల్లుళ్లు

అందరికీ నమస్కారం.

జపాన్‌లో బౌద్ధం అడుగుపెట్టినప్పటి గొడవ చాలామందికి రెండు ముక్కల్లో గుర్తుంటుంది: సోగా వంశం బుద్ధుడు కావాలంది, మోనోనోబే వంశం వద్దంది, యుద్ధంలో సోగా వాళ్లు గెలిచారు. అది అబద్ధమేమీ కాదు. కానీ ఎవరు ఎవరికి ఏమవుతారో పక్కన రాసుకుని చదివితే కథ వేరేగా కనిపిస్తుంది. ఈ పూట ఆ చుట్టరికాల గురించే ఎక్కువ మాట్లాడతాను.

6వ శతాబ్దం మధ్యకాలం. ఇప్పటి నారా ప్రాంతంలోని యమాతో రాజ్యం. కొరియాలోని పెక్చే రాజు సోంగ్, ఇక్కడి రాజు కిమ్మేయ్‌కి బంగారు పూత వేసిన శాక్యముని విగ్రహం, కొన్ని సూత్ర గ్రంథాలు పంపాడు. 'నిహోన్ షోకి' అనే రాజ చరిత్ర దీన్ని 552లో జరిగిందంటుంది, ఒక ఆలయ చరిత్ర 538 అంటుంది. పెక్చేకి అప్పుడు సిల్లా రాజ్యంతో ప్రాణసంకటం, యమాతో సైన్యం సాయం కావాలి. ఊరికే పంపిన కానుక కాదన్నమాట. ఇంకో సంగతి. విగ్రహంతో పాటు వచ్చిందని చెప్పే లేఖలోని కొన్ని వాక్యాలు, చైనాలో యిజింగ్ అనే భిక్షువు 703లో అనువదించిన సువర్ణప్రభాస సూత్రంలోవి! 'నిహోన్ షోకి' పూర్తయింది 720లో. కాబట్టి అందులోని సంభాషణలను కాస్త ఆచితూచి నమ్మాలి.

రాజు మంత్రులను అడిగాడు. పడమటి దేశాలన్నీ కొలుస్తుంటే మనమొక్కళ్లం మానడమెందుకు అన్నాడు సోగా ఇనామే. పరాయి దేవుణ్ణి మొక్కితే మన 180 దేవతలకు కోపం వస్తుందన్నారు మోనోనోబే ఒకోషి, నకతోమి కమాకో. ఎవరి మాట వెనక వాళ్ల పని ఉంది. నకతోమి వాళ్లది దేవతల క్రతువులు చేసే వృత్తి. మోనోనోబే వాళ్లది సైన్యం, ఆయుధాలు, ఇసోనోకామి గుడి. సోగా వాళ్ల చేతిలో రాజు ఖజానా ఉంది, కొరియా నుంచి వలసొచ్చిన లేఖకులు, పనివాళ్లు ఉన్నారు. రాజు మధ్యేమార్గంగా విగ్రహాన్ని ఇనామేకే ఇచ్చి, నువ్వే పూజించి చూడమన్నాడు.

ఇనామే అంతకంటే పెద్ద పని ఇంకోటి చేశాడు. కితాషి, ఓఅనే అనే ఇద్దరు కూతుళ్లనూ కిమ్మేయ్‌కే ఇచ్చాడు. వాళ్ల కడుపున పుట్టినవాళ్లలోంచే తర్వాత యోమేయ్, సుషున్, సుయికో ముగ్గురూ సింహాసనం ఎక్కారు. ఇనామే కొడుకు ఉమాకో వీళ్లందరికీ మేనమామ. అతని భార్య ఎవరనుకున్నారు? మోనోనోబే నాయకుడు మోరియా చెల్లెలు. ఒకోషి కొడుకే ఈ మోరియా.

584లో ఉమాకో చొరవతో షిబా తత్తో అనే వలసదారు కూతురు జెన్షిన్ సన్యాసం తీసుకుంది. ఆమెకు 11 ఏళ్లు. ఇంకో ఇద్దరు అమ్మాయిలు తోడయ్యారు. జపాన్‌లో తొలి భిక్షువులు మగవాళ్లు కాదు, ఈ పిల్లలే. మరుసటి ఏడు అంటురోగం రాగానే, ఇదంతా బుద్ధుణ్ణి కొలవడం వల్లేనంటూ మోరియా, ఉమాకో కట్టించిన గుడిని తగలబెట్టించి, విగ్రహాన్ని నానివా కాలువలో పారేయించాడు. ఈ అమ్మాయిల కాషాయాలు లాగేసి, త్సుబాయిచి సంతలో కొరడాలతో కొట్టించారు. నాకు ఈ చరిత్ర మొత్తంలో మింగుడుపడని ఘట్టం ఇదే. అయినా జెన్షిన్ వెనక్కి తగ్గలేదు. 588లో పెక్చే వెళ్లి 'వినయం' అనే భిక్షు నియమావళి చదువుకుని 590లో తిరిగొచ్చింది.

కిమ్మేయ్ తర్వాత రాజైన బిదాత్సు 585లో చనిపోయాడు. అంత్యక్రియల్లో పెద్ద కత్తి కట్టుకుని మాట్లాడుతున్న ఉమాకోని చూసి, బాణం తగిలిన పిచ్చుకలా ఉన్నాడని మోరియా నవ్వాడు. మోరియా చేతులు వణుకుతుంటే, గంటలు కడితే సరి అన్నాడు ఉమాకో. బావా బావమరుదుల మాటలే, కాకపోతే వెనక సైన్యాలున్నాయి.

బిదాత్సు తర్వాత గద్దెనెక్కిన యోమేయ్ కూడా 587లో పోయాడు. మోరియా రాజును చేయాలనుకున్నది అనహోబే రాకుమారుణ్ణి. ఇతనెవరు? ఓఅనే కొడుకు, అంటే ఉమాకో మేనల్లుడే! బుద్ధుడు వద్దన్న పక్షం ఎంచుకున్నది కూడా సోగా ఇంటి బిడ్డనే. ఇక్కడే మతయుద్ధం అనే పేరు నాకు చాలదనిపిస్తుంది. ఏ మేనల్లుడు కూర్చోవాలి, ఎవరి మాట చెల్లాలి అన్నదే అసలు తగాదా.

ఉమాకో ముందు అనహోబేని చంపించాడు, తర్వాత కవాచిలోని షిబుకావాలో ఉన్న మోరియా ఇంటి మీదికి పోయాడు. మోరియా చెట్టెక్కి బాణాలు కురిపిస్తే సోగా సేన మూడుసార్లు వెనక్కి తగ్గింది. అప్పుడు 14 ఏళ్ల షోతోకు రాకుమారుడు బౌద్ధంలో నాలుగు దిక్కులనూ కాచే దేవతలైన చతుర్మహారాజుల బొమ్మలు చెక్కి తలలో పెట్టుకుని, గెలిస్తే గుడి కడతానని మొక్కుకున్నాడట. బాణం దెబ్బకు మోరియా చెట్టు మీంచి పడిపోయాడు. ఇప్పటి ఒసాకాలోని షితెన్నోజి ఆ మొక్కుబడి గుడే. మోరియా దాసుల్లో సగం మందిని, ఇంటిని దానికే రాసిచ్చారు. పెళ్లాం పన్నిన ఉపాయంతోనే ఉమాకో ఆమె అన్నను చంపాడని జనం చెప్పుకున్నారని 'నిహోన్ షోకి' రాసింది. అసలు ఆ షిబుకావాలోనే పాత బౌద్ధాలయం పెంకులు దొరికాయి. మోనోనోబే వాళ్లకూ సొంత గుడి ఉండేదని అనుకునే చరిత్రకారులున్నారు.

తర్వాత ఉమాకో సింహాసనం ఎక్కించిన సుషున్ తన మాట వినడం లేదని 592లో అతణ్ణీ చంపించాడు. అతనూ మేనల్లుడే. తర్వాత మేనకోడలు సుయికో రాణి అయింది. ఉమాకో 588లో మొదలుపెట్టిన అసుకాదేరా గుడి 596కి పూర్తయింది. అందులోని పెద్ద బుద్ధుణ్ణి చేసింది షిబా తత్తో మనవడు తోరి.

645లో ఉమాకో మనవడు ఇరుకాని రాజసభలోనే నరికేశారు. పథకం వేసినవాళ్లలో ఒకడు నకతోమి కమాతారి, అంటే బుద్ధుడు వస్తే దేవతలకు కోపమన్న వంశంవాడు. అతనికి చివరి రోజుల్లో ఫుజివారా అనే ఇంటిపేరు దక్కింది. నారాలోని కోఫుకుజి అనే మహా బౌద్ధాలయం ఆ ఫుజివారా వాళ్ల వంశ ఆలయం.