ఫ్రీస్టైల్‌లో కాళ్ళు మునిగేది ఊపిరి తీసుకునేటప్పుడే

హాయ్ అండీ, అందరికీ నమస్కారం. ఇవాళ్టి వ్లాగ్ మొత్తం స్విమ్మింగ్ పూల్‌లోనే. పొద్దున్నే లేన్లు ఖాళీగా ఉంటాయి కాబట్టి అక్కా, నేనూ ఆఫీసులకి వెళ్ళేముందే వచ్చేశాం. పూల్ వాళ్ళని అడిగి, పక్కన ఎవరూ లేని సమయం చూసుకుని, గోడ పక్క లేన్‌లో నీళ్ళ లోపల కెమెరా పెట్టాను. ఈదేటప్పుడు మన ఒళ్ళు నీళ్ళలో ఎలా ఉందో మనకి తెలియదు. తిన్నగా ఉన్నామనే అనుకుంటాం. పక్క నుంచి తీసిన వీడియో చూస్తే గానీ అసలు సంగతి బయటపడదు.

ఇక్కడికి వచ్చాక, పెద్దయ్యాక ఈత నేర్చుకున్న మనవాళ్ళు నాకు చాలామంది తెలుసు. అందరిదీ ఒకటే మాట: ‘రెండు లాప్‌లకే ఆయాసం వస్తోంది, స్టామినా లేదు.’ నేను మాత్రం దాన్ని ఒప్పుకోను. రోజూ పరుగెత్తేవాళ్ళకి కూడా నీళ్ళలో అంత త్వరగా ఆయాసం వస్తోందంటే లోపం గుండెలో, ఊపిరితిత్తుల్లో ఉందనుకోను. ఒళ్ళు నీటికి అడ్డం పడుతోంది, అంతే.

గాలి కంటే నీటి సాంద్రత దాదాపు 800 రెట్లు ఎక్కువ. పైగా వేగం రెట్టింపు చేస్తే నీరు అడ్డుకునే బలం, అంటే డ్రాగ్, సుమారు 4 రెట్లవుతుంది. ఆ వేగం నిలబెట్టడానికి కావలసిన శక్తి 8 రెట్లకు చేరుతుంది. అందుకే చేతులు గట్టిగా లాగి స్పీడు పెంచుదామనుకోవడం అన్నిటికంటే ఖరీదైన దారి. ముందు డ్రాగ్ తగ్గించుకుంటే అదే బలంతో ఇంకాస్త దూరం పోతాం.

సరే, వీడియోలోకి వెళ్దాం. ఇది అక్క గోడని తన్ని బయల్దేరడం. రెండు చేతులూ ముందుకి చాచి, అరచేయి మీద అరచేయి వేసి, చెవులు చేతుల మధ్యలో దాచుకుంది. చాలా బాగుంది. ఇక్కడ తల, నడుము, మడమలు ఒకే గీతలో ఉన్నాయి. ముందు నుంచి వచ్చే నీటికి ఆమె ఒళ్ళు తక్కువ వైశాల్యమే చూపిస్తోంది. చూపు పూల్ అడుగున ఉన్న నల్ల గీత మీద ఉంది, మెడ వదులుగా ఉంది. ఇంతవరకూ వంక పెట్టడానికేమీ లేదు.

ఇదిగో, ఇక్కడ ఆపుతున్నా. ఊపిరి కోసం తల ఎత్తింది. గడ్డం ముందుకొచ్చింది, నుదురు నీళ్ళ పైకి లేచింది. ఇప్పుడు నడుము చూడండి, జానెడు కిందకి దిగిపోయింది. దాంతోపాటు తొడలు, మోకాళ్ళు కూడా. ఒక్క క్షణం ముందు గీతలా ఉన్న మనిషి ఇప్పుడు ఏటవాలుగా ఉంది. ఆ తొడల ముందు భాగమంతా నీటిని ఎదురుగా తోసుకుంటూ పోవాల్సిందే.

ఇలా ఎందుకవుతుందంటే, ఊపిరితిత్తుల్లో గాలి ఉంటుంది కాబట్టి మనల్ని తేల్చే బలం ఛాతీ దగ్గర పనిచేస్తుంది. బరువు మాత్రం అంతకంటే కిందుగా, బొడ్డు, తుంటి వైపు కేంద్రీకృతమై ఉంటుంది. అందువల్ల కాళ్ళు కిందకి దిగాలనే చూస్తాయి. తక్కెడలో ఒక పళ్ళెం లేస్తే రెండోది దిగినట్టు, మనం తల ఎత్తామంటే కాళ్ళు ఇంకాస్త దిగుతాయి.

వీడియో చూపించి అడిగాను. “అక్కా, ఊపిరికి ముందు నీ నడుము నీళ్ళ పైకే ఉంది కదా, ఇక్కడ ఎందుకు దిగిపోయింది?”

“నోట్లోకి నీళ్ళు పోతాయేమోనని భయమే. ఇంకొంచెం పైకి లేస్తే గాలి దొరుకుతుందని అనిపిస్తుంది.”

ఆ భయం అర్థం చేసుకోదగ్గదే. కానీ గాలి ఉన్నది పైన కాదు, పక్కన. మనం ముందుకు కదులుతుంటే తల ముందు చిన్న అల లేస్తుంది, దాని వెనకే, చెంప పక్కన, నీటి మట్టం కాస్త పడిపోతుంది. ఆ పల్లంలోకి నోరు తిప్పితే చాలు. ఒక కన్ను గాగుల్ నీళ్ళలోనే ఉండాలి, రెండోది బయట ఉండాలి. తలని విడిగా తిప్పకూడదు, భుజాలూ తుంటీ ఒరిగే ఒరుగుతోనే తల కూడా రావాలి. నీళ్ళలో ఉన్నంతసేపూ ముక్కుతోనో నోటితోనో గాలి వదులుతూనే ఉండాలి. లోపల బిగబట్టి, బయటికొచ్చాక వదిలి, మళ్ళీ పీల్చాలంటే ఆ కాస్త సమయం చాలదు. అప్పుడే మనిషి కంగారుపడి తల ఎత్తేస్తాడు.

రెండో సంగతి ముందున్న చెయ్యి. ఊపిరి తీసుకుంటున్నప్పుడు చాలామంది తెలియకుండానే ఆ చేత్తో నీటిని కిందకి నొక్కుతారు. తల లేస్తుంది నిజమే, కానీ ఆసరా పోయి కాళ్ళు కత్తెరలా విడిపోతాయి. కాళ్ళు విడిపోవడం చూసి కిక్ సరిచేయాలని తంటాలు పడతారు. అసలు కారణం చెయ్యి. నోరు మళ్ళీ నీళ్ళలోకి వచ్చేదాకా ఆ చెయ్యి ముందుకి చాచి ఉంచితే కాళ్ళు చాలావరకు వాటంతటవే దగ్గరకొస్తాయి.

మీ సమస్య ఊపిరిదా, ఒంటి స్థితిదా అని తేల్చుకోవడానికి ముఖం ముందు నిలువుగా ఉండే స్నార్కెల్, అంటే ముఖం నీళ్ళలో ఉంచే ఊపిరి తీసుకునే గొట్టం, మంచి సాధనం. అది పెట్టుకుంటే తల తిప్పే పని ఉండదు. స్నార్కెల్‌తో కూడా కాళ్ళు మునుగుతుంటే మెడ, ఛాతీ, నడుము సరిచేసుకోవాలి. చూపు కిందకి దించి, ఛాతీని నీళ్ళలోకి కొద్దిగా నొక్కినట్టు ఉంచి, పొట్టని లోపలికి బిగించాలి. స్నార్కెల్‌తో బాగుండి, తీసేయగానే మునుగుతుంటే తప్పు ఊపిరిదే. అక్కది రెండో రకం. పుల్ బాయ్, అంటే నీళ్ళలో తేలే ఫోమ్ ముక్క, విషయంలో నేను కొంచెం కచ్చితంగా ఉంటాను. తొడల మధ్య పెట్టుకుంటే అది నడుముని తేలుస్తుంది, బాగా ఈదుతున్నామనిపిస్తుంది, కానీ లోపాన్ని కప్పేస్తుంది. తేలితే ఎలా ఉంటుందో ఒంటికి ఒకసారి తెలియజేయడానికి వాడండి, రోజంతా దానిమీదే ఆధారపడకండి.

కిక్ గురించి ఒక్క మాటే. తుంటి నుంచి, చిన్నగా, చీలమండలు వదులుగా. మోకాలు ఎక్కువగా మడిస్తే తొడ నీటికి అడ్డం తిరుగుతుంది.

ఒంటి స్థితి ఇంత తేడా తెస్తుందా అనిపిస్తే పోటీ ఈత చరిత్ర చూడండి. 2009లో రోమ్ ప్రపంచ ఛాంపియన్‌షిప్స్‌లో 43 ప్రపంచ రికార్డులు పడ్డాయి. అప్పటి పాలియురేథేన్ సూట్లు ఒంటిని బిగించి పట్టేవి, నీటిలో తేలడానికి సాయపడేవి. 2010 జనవరి 1 నుంచి వాటిని నిషేధించారు. ఆ పోటీల్లో జర్మనీ ఈతగాడు పాల్ బీడర్‌మన్ 400 మీటర్ల ఫ్రీస్టైల్‌ని 3 నిమిషాల 40.07 సెకన్లలో ఈదితే, ఆ రికార్డు 2025లో లూకాస్ మార్టెన్స్ బద్దలు కొట్టేదాకా నిలిచింది. అంతటి ఈతగాళ్ళకే అంత ఉపయోగపడిందంటే, నడుము జానెడు దిగిపోయే మనలాంటివాళ్ళకి తిన్నగా ఉండటంలో ఎంత లాభం ఉందో ఊహించుకోండి.

ఇప్పుడు అక్కకి ఇచ్చిన డ్రిల్ చూడండి. ఒక పక్కకి ఒరిగి, కింది చెయ్యి ముందుకి చాచి, పై చెయ్యి తొడ మీద ఆనించి, ముఖం కిందకి పెట్టి మెల్లగా కిక్ చేస్తుంది. గాలి కావాలనిపించినప్పుడు మాత్రం తల తిప్పుతుంది. తొందరేమీ లేదు. చెంప నీటి మీద ఆనుకునే ఉంది, చూశారా? నడుము కదల్లేదు. “ఇంత తక్కువ తిప్పితే చాలా!” అని తనే ఆశ్చర్యపోయింది.

మార్పు వస్తోందో లేదో తెలుసుకోవడానికి ఒక లెంగ్త్‌కి, అంటే పూల్ ఈ చివర నుంచి ఆ చివరకి, ఎన్ని స్ట్రోక్స్ పడుతున్నాయో లెక్కపెట్టుకోండి, పక్కనే టైమ్ కూడా చూసుకోండి. అదే టైమ్‌లో స్ట్రోక్స్ తగ్గాయంటే డ్రాగ్ తగ్గినట్టే. స్ట్రోక్స్ తగ్గి టైమ్ పెరిగిందంటే మాత్రం ఊరికే జారుతూ ఆగిపోతున్నారని అర్థం. వచ్చే వారం కెమెరాని లేన్ చివర పెడతాను. చెయ్యి తల ముందు నడిమి గీత దాటి పడితే కాళ్ళు పక్కలకి ఎలా ఊగుతాయో ఎదురుగా తీస్తేనే కనిపిస్తుంది.