పద్దెనిమిదేళ్ళ రాణి, ఇల్లరికపు అల్లుడు: ‘ది యంగ్ విక్టోరియా’ వెనక అసలు కథ

[తెర మీద: 1840 అని ముద్రించిన వెండి రూపాయి, బాగా దగ్గరగా. నెమ్మదిగా బొమ్మ వైపు తిప్పాలి.]

విక్టోరియా రాణి అనగానే మనకు గుర్తొచ్చేది నల్లబట్టలేసుకుని, మూతి ముడుచుకుని కూర్చున్న ముసలావిడ. పాత ఇళ్ళలో ఇప్పటికీ బయటపడే రాణి రూపాయల మీద కూడా ఎక్కువగా కనిపించేది కిరీటం పెట్టుకుని, నగలతో నిండుగా ఉన్న పెద్దమనిషే. ఈస్టిండియా కంపెనీ వేసిన ఈ 1840 రూపాయి వేరు. కిరీటం లేదు. జుట్టు వెనక్కి తీసి ముడి వేసుకున్న పడుచుపిల్ల. ఆమె పెళ్ళి జరిగింది ఆ ఏడాదే. అప్పటికి ఇరవై ఏళ్ళు, గద్దెనెక్కి మూడేళ్ళు కూడా నిండలేదు.

2009లో వచ్చిన ‘ది యంగ్ విక్టోరియా’ ఈ పిల్ల కథే. విక్టోరియాగా ఎమిలీ బ్లంట్, ఆమె భర్త ఆల్బర్ట్‌గా రూపర్ట్ ఫ్రెండ్. బట్టలకు శాండీ పావెల్ ఆస్కార్ అందుకుంది. సినిమా దీన్ని ప్రేమకథగా చెప్పింది, బాగానే చెప్పింది. నాకు మాత్రం ఇది ఇంటి పెత్తనం కథలా కనిపిస్తుంది. ఎవరు ఏ గదిలో పడుకోవాలి, ఎవరు ఎవర్ని కొలువులో పెట్టుకోవాలి, తాళాలు ఎవరి దగ్గర ఉండాలి... గొడవలన్నీ వీటి చుట్టూనే. ఈ వీడియోలో ఆ దారినే వెళ్దాం.

[తెర మీద: కెన్సింగ్టన్ ప్యాలెస్ మెట్లు]

విక్టోరియా పుట్టింది 1819 మే 24న. ఏడాది తిరక్కుండానే తండ్రి పోయాడు. అక్కడి నుంచి ఆమె బతుకు తల్లి చేతుల్లో, తల్లి దగ్గర వ్యవహారాలు చూసే సర్ జాన్ కాన్రాయ్ చేతుల్లో. వీళ్ళు పెట్టిన కట్టడికి, వాళ్ళుండే కెన్సింగ్టన్ ప్యాలెస్ పేరు మీద, చరిత్రలో ‘కెన్సింగ్టన్ సిస్టమ్’ అని పేరు. పిల్ల తల్లి గదిలోనే పడుకోవాలి. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా మెట్లు దిగకూడదు. సినిమాలో చూపించిన ఆ మెట్ల సంగతి కల్పన కాదు, నిజంగా అలాగే పెంచారు. రాసుకున్న డైరీ కూడా తల్లి చదివేది. ఆ మొదటి డైరీల్లో అంత మర్యాద, అంత మంచితనం ఎందుకుందో ఇప్పుడు అర్థమైంది కదా!

ఇదంతా ఎందుకంటే, ఆమె పెదనాన్న, ముసలి రాజు నాలుగో విలియం తర్వాత గద్దె ఈ పిల్లదే. పిల్లకు పద్దెనిమిది నిండకముందే ఆయన పోతే, తల్లి రీజెంట్ అవుతుంది, అంటే పిల్ల పేరు మీద తనే పాలిస్తుంది. ఇక రాజ్యం కాన్రాయ్ గుప్పిట్లో ఉన్నట్టే. 1835లో రామ్స్‌గేట్‌లో విక్టోరియా జ్వరంతో మంచాన పడింది. కాన్రాయ్ ఆ మంచం దగ్గరికే కాగితం, కలం తెచ్చాడు. రాణి అయ్యాక తనను సొంత కార్యదర్శిగా పెట్టుకుంటానని సంతకం పెట్టమన్నాడు. తల్లీ అతని వైపే. పదహారేళ్ళ పిల్ల, ఒంట్లో ఓపిక లేదు, అయినా పెట్టనంది. పక్కన నిలబడ్డ మనిషి ఒక్కర్తే, జర్మనీ నుంచి వచ్చిన గవర్నెస్ లేజెన్. ఈ పేరు గుర్తుంచుకోండి.

రాజుగారికీ ఈ ఎత్తు తెలుసు. 1836 ఆగస్టులో తన పుట్టినరోజు విందులో, నిండు సభలో విక్టోరియా తల్లిని పక్కనే కూర్చోబెట్టుకుని, ఇంకో తొమ్మిది నెలలు బతికితే చాలు, రీజెన్సీ తప్పుతుంది అని గట్టిగానే అనేశాడు. పంతం నెగ్గింది. 1837 మే 24న విక్టోరియాకు పద్దెనిమిది నిండాయి. జూన్ 20న ఆయన పోయాడు. ఇరవై ఏడు రోజుల తేడా!

ఆ తెల్లవారుజామున ఆర్చిబిషప్, రాజు కొలువులో పెద్ద అధికారి లార్డ్ ఛాంబర్లిన్ కెన్సింగ్టన్‌కు వచ్చారు. ఆరింటికి తల్లి లేపితే, విక్టోరియా ఇంట్లో వేసుకునే గౌనుతోనే వెళ్ళి కబురు విన్నది. వాళ్ళను ఒంటరిగా కలిశానని డైరీలో రాసుకుంది, ఆ ‘ఒంటరిగా’ కింద గీత కూడా గీసింది. ఆ రోజే తన మంచం తల్లి గదిలోంచి బయటికి తీయించింది. నన్నడిగితే ఆమె ఏలుబడి మొదలైంది అప్పుడే. పదకొండింటికి జరిగిన ప్రివీ కౌన్సిల్, అంటే రాణికి సలహాలిచ్చే పెద్దల సభ, ఆ తర్వాతి సంగతి.

[తెర మీద: లార్డ్ మెల్‌బోర్న్ చిత్తరువు. పక్కనే సినిమాలోని పాల్ బెట్టనీ.]

ఇక్కడ సినిమా కొంచెం తొండి చేసింది. ప్రధాని మెల్‌బోర్న్‌ను అందగాడిగా, ఆల్బర్ట్‌కు పోటీలా చూపించింది. నిజానికి 1837లో ఆయనకు యాభై ఎనిమిదేళ్ళు. భార్య పోయింది, ఒక్కగానొక్క కొడుకూ పోయాడు. తండ్రిని ఎరగని పిల్లకు ఓపిగ్గా కూర్చుని రాజకీయం నేర్పే పెద్దాయన దొరికాడు, అంతే. రోజూ గంటలకొద్దీ మాట్లాడుకునేవాళ్ళు. అప్పట్లో పోటీపడే పెద్ద పార్టీలు రెండు, విగ్‌లు, టోరీలు. చిక్కల్లా ఆయన విగ్ పార్టీ మనిషి కావడం. రాణి చుట్టూ ఉన్న ఆడవాళ్ళలో కూడా చాలామంది విగ్ నాయకుల భార్యలూ ఆడపడుచులే.

పట్టాభిషేకం 1838 జూన్ 28న. ఆర్చిబిషప్ ఉంగరాన్ని తప్పు వేలికి బలవంతంగా ఎక్కించాడు, తర్వాత అది ఊడిరావడానికి చేతిని ఐసు నీళ్ళలో ముంచాల్సొచ్చింది. లార్డ్ రోల్ అనే ఎనభై దాటిన పెద్దాయన సింహాసనం మెట్ల మీంచి దొర్లిపడ్డాడు. ఇంత తంతూ అయ్యాక ఇంటికొచ్చి రాణిగారు చేసిన పని, కుక్క డ్యాష్‌కు స్నానం చేయించడం. సినిమాలో వెస్ట్‌మినిస్టర్ అబ్బేగా కనిపించేది లింకన్ కథీడ్రల్, అసలు చోటు కాదు.

మరుసటి ఏడాదిలో రెండు గొడవలు. రెండోదాని గురించి అందరూ మాట్లాడతారు, మొదటిది అంతకన్నా ఘోరం.

లేడీ ఫ్లోరా హేస్టింగ్స్ విక్టోరియా తల్లి కొలువులో ఉండేది. 1839 మొదట్లో ఆమె పొట్ట ఎత్తుగా కనిపించింది. పెళ్ళికాని మనిషి. కాన్రాయ్ వల్లే కడుపొచ్చిందని కొలువులో గుసగుసలు, వాటిని నమ్మినవాళ్ళలో రాణి కూడా ఉంది. రాజవైద్యుడు సర్ జేమ్స్ క్లార్క్ అనుమానాన్ని తీర్చకపోగా పెంచాడు. చివరికి ఆమె పరీక్షకు ఒప్పుకోవాల్సి వచ్చింది. కన్య అని తేలింది. పొట్టలో ఉన్నది కణితి. జులైలో చనిపోయింది. అంతకుముందే ఆస్కాట్ గుర్రప్పందేల దగ్గర జనం రాణి ముఖం మీదే ‘మిసెస్ మెల్‌బోర్న్’ అని ఎగతాళి చేశారు. సినిమాలో ఫ్లోరా పాత్ర ఉంది గానీ, ఈ గొడవను దాదాపు వదిలేశారు. ఎందుకో ఊహించడం కష్టం కాదు. ఇది చూపిస్తే కథానాయిక మీద మనకు అంత ముద్దు రాదు.

రెండోది ఆ మే నెలలోనే. జమైకా వలస పాలన గురించిన బిల్లు మీద పార్లమెంటులో మెల్‌బోర్న్‌కు అయిదు ఓట్ల మెజారిటీయే వచ్చింది, రాజీనామా చేశాడు. టోరీ నాయకుడు రాబర్ట్ పీల్ ప్రభుత్వం ఏర్పాటు చేయాలి. ఆయన అడిగింది ఒక్కటే: రాణి చుట్టూ ఉన్న విగ్ ఆడవాళ్ళలో కొందర్నైనా మార్చండి, మీకు మా మీద నమ్మకం ఉందని లోకానికి తెలియాలి. రాణి ఒక్కర్ని కూడా మార్చనంది. పీల్ అయితే నాకొద్దన్నాడు. మెల్‌బోర్న్ మళ్ళీ ప్రధాని. చెలికత్తెల దగ్గర పట్టుబట్టి ఒక ప్రభుత్వాన్నే రాకుండా ఆపింది, ఇరవై ఏళ్ళైనా నిండకుండానే! రాజ్యాంగం లెక్కలో అది తప్పే. కానీ మంచం పక్కన కాగితం పట్టుకుని నిలబడ్డ కాన్రాయ్‌ని తలుచుకుంటే ఆ మొండితనం ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుస్తుంది.

[తెర మీద: వంశవృక్షం. విక్టోరియా తల్లి, పక్కన ఆమె అన్నదమ్ములు ఎర్న్‌స్ట్, లియోపోల్డ్.]

ఇక పెళ్ళి సంగతి. ఈ సంబంధం మనవాళ్ళకు విడమర్చి చెప్పక్కర్లేదు, అచ్చం మేనరికం. ఆల్బర్ట్ ఆమె మేనమామ ఎర్న్‌స్ట్ కొడుకు. కుదిర్చింది ఇంకో మేనమామ, బెల్జియం రాజు లియోపోల్డ్. బావ అందామంటే ఆమె కన్నా మూడు నెలలు చిన్నవాడు. ఇద్దరికీ పురుడు పోసింది కూడా ఒకే జర్మన్ ఆవిడ.

1839 అక్టోబర్ 10న ఆల్బర్ట్ విండ్సర్‌కు వచ్చాడు. పదిహేనో తేదీన నన్ను పెళ్ళి చేసుకుంటావా అని విక్టోరియాయే అడిగింది. ఏలే రాణిని మగవాడు అడిగే ఆచారం లేదు. అక్కణ్ణుంచి ఆల్బర్ట్ ఇల్లరికం కష్టాలు మొదలు. అల్లుడికి ఏడాదికి 50 వేల పౌండ్లు ఇమ్మని ప్రభుత్వం అడిగితే, పార్లమెంటు 30 వేలకు కోసింది. తన కొలువులో ఎవరుండాలో ఎంచుకుందామంటే అదీ పెద్దగా సాగనివ్వలేదు. పెళ్ళయ్యాక విండ్సర్‌లో కాస్త ఎక్కువ రోజులు ఉందామంటే, నేను రాణినని, రాచకార్యం ఎవరి కోసమూ ఆగదని మరచిపోతున్నావు అని ఆమె ఉత్తరం రాసింది. ప్రేమగా పిలుస్తూనే రాసిందనుకోండి.

పెళ్ళి 1840 ఫిబ్రవరి 10న, సెయింట్ జేమ్స్ ప్యాలెస్ ఛాపెల్‌లో. గౌను తెల్ల పట్టు లండన్‌లోని స్పిటల్‌ఫీల్డ్స్ మగ్గాలది, లేసు డెవన్ కౌంటీలో ఆడవాళ్ళు చేత్తో అల్లిన హోనిటన్ లేసు. తల మీద కిరీటం బదులు నారింజ పూల దండ. తెల్ల గౌను వేసుకున్న మొదటి పెళ్ళికూతురు ఆమేమీ కాదు, కానీ ఫ్యాషన్ పాకింది మాత్రం ఆమె వల్లే. దెబ్బతిన్న ఇంగ్లండ్ లేసు పనివాళ్ళకు నాలుగు రాళ్ళు దక్కాలన్నది అందులో ఉన్న ఆలోచన. మన గుంటూరు, కృష్ణా జిల్లాల చర్చి పెళ్ళిళ్ళలో కనిపించే తెల్ల పట్టుచీర కూడా దూరపు చుట్టరికంతో ఈ వరసలోకే వస్తుంది.

మూడు నెలలకే ఆల్బర్ట్ ఒక స్నేహితుడికి రాశాడు: నేను భర్తనే గానీ ఇంటి యజమానిని కాను. ఆ ఇల్లు కూడా మామూలు ఇల్లా? బకింగ్‌హామ్ ప్యాలెస్‌లో చలిమంట కోసం బొగ్గులు పేర్చేది లార్డ్ స్టీవర్డ్ శాఖ, వెలిగించేది లార్డ్ ఛాంబర్లిన్ శాఖ. కిటికీ అద్దాలు లోపల తుడిచేది ఒకరు, బయట తుడిచేది అడవుల శాఖ. ఇద్దరూ ఒకే రోజు తుడవకపోతే అద్దం మసకే. 1840 చివర్లో ఒక కుర్రాడు గోడ దూకి వచ్చి రాణి గది పక్కన సోఫా కింద దొరికాడు. ఈ గందరగోళాన్ని తర్వాత్తర్వాత చక్కబెట్టింది ఆల్బర్టే.

[తెర మీద: కాన్‌స్టిట్యూషన్ హిల్, 1840 జూన్ 10]

సినిమాలో ఆల్బర్ట్ రాణికి అడ్డంపడి తుపాకి గుండు దెబ్బ తింటాడు. అది జరగలేదు. ఎడ్వర్డ్ ఆక్స్‌ఫర్డ్ అనేవాడు బండి మీద రెండుసార్లు కాల్చిన మాట నిజం, ఎవరికీ తగల్లేదు. ఆల్బర్ట్‌ను నిజంగా పైకి తెచ్చింది ఆమె కడుపుతో ఉండటం. ప్రసవంలో రాణికి ఏమైనా అయితే అతనే రీజెంట్ అని ఆ ఏడాదే చట్టం చేశారు. నవంబర్ 21న కూతురు పుట్టాక, ప్రభుత్వ కాగితాల పెట్టెల తాళాలు అతని చేతికొచ్చాయి.

మిగిలింది లేజెన్. ఇంటి ఖర్చులు, పిల్లల గది ఆమె చేతిలోనే ఉన్నాయి. 1842 జనవరిలో పసిపిల్లకు జబ్బు చేసింది. మొగుడూ పెళ్ళాలు కేకలేసుకున్నారు. పిల్ల పోతే ఆ పాపం నీదే అని ఆల్బర్ట్ చీటీ రాసి పంపాడు. ఆ చీటీలో మందుల విషయంలో అతను తిట్టిపోసిన డాక్టరు ఎవరనుకున్నారు? ఫ్లోరా దగ్గర పొరబడ్డ ఆ జేమ్స్ క్లార్కే. ఆల్బర్ట్ పట్టు విడవలేదు. ఆ సెప్టెంబర్‌లో ఏడాదికి 800 పౌండ్ల పింఛనుతో లేజెన్ జర్మనీ వెళ్ళిపోయింది. రాణి ఆమెకు ఉత్తరాలు రాయడం మాత్రం మానలేదు.