బొగ్గు ఒక్కటే చాలదు, నత్రజని తోడుండాలి

శ్రోతలకు నమస్కారం. ఇవాళ బయోచార్ గురించి మాట్లాడుకుందాం. కొమ్మలు, పొట్టు, ఎండుటాకులు లాంటివాటిని గాలి సరిగా అందకుండా ఓ 350 నుంచి 700 డిగ్రీల వేడిలో మగ్గబెడితే మిగిలే బొగ్గే బయోచార్. గాలి బాగా తగిలి కాలితే మిగిలేది బూడిద, ఇలా మగ్గితే బొగ్గు. నేలలో కలిపితే అంత తొందరగా కుళ్లదు, ఏళ్ల తరబడి ఉంటుంది. చెప్పుకోవాలంటే చాలా ఉంది గానీ నాకిచ్చిన టైములో ఒక్క ముల్లంగి కథ చెప్తాను, అది నాకు చాలా ఇష్టమైన ప్రయోగం.

2007లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు ప్రచురించారు దీన్ని. తడి ఆరితే రాయిలా బిగుసుకుపోయే నేల మట్టి తెచ్చి, కుండీల్లో నింపి, హెక్టారుకు 10, 50, 100 టన్నుల లెక్కన బయోచార్ కలిపి ముల్లంగి పెంచారు. కొన్ని కుండీలకు నత్రజని వేయలేదు, కొన్నిటికి హెక్టారుకు 100 కిలోల లెక్కన వేశారు. నత్రజని వేయని కుండీల్లో ఏమైంది? ఏమీ కాలేదు! 100 టన్నుల లెక్కన బొగ్గు పోసినా దిగుబడి పెరగలేదు. ఇక నత్రజని వేసిన కుండీల సంగతి చూడండి. బయోచార్ లేనిచోట ఆ ఎరువుతో దిగుబడి 95 శాతం పెరిగింది, 100 టన్నుల లెక్కన కలిపినచోట అదే ఎరువుకు, మళ్లీ చెప్తున్నా, అంతే ఎరువుకు, 266 శాతం పెరిగింది.

కారణం మరీ చిక్కుదేం కాదు. బొగ్గులో మొక్కకు అందే నత్రజని చాలా తక్కువ. కానీ ఒళ్లంతా సన్నటి రంధ్రాలు కాబట్టి నీటిని, అమ్మోనియం రూపంలో ఉన్న నత్రజనిని కొంతవరకు పట్టి ఉంచుతుంది, బిగుసుకున్న మట్టిని గుల్లబారుస్తుంది, వేరు సులువుగా దిగుతుంది. నైట్రేటు రూపంలో ఉన్న నత్రజనిని మాత్రం అంత గట్టిగా పట్టుకోలేదు, పెద్ద వాన పడితే అది కిందికి పోయేదే.

అన్నట్టు, ఆ 100 టన్నుల లెక్క చూసి టెన్షన్ పడకండి. చదరపు మీటరుకు 10 కిలోలన్నమాట, కుండీలో సరే గానీ పొలమంతా అంత పోయమని నేనైతే ఎవరికీ చెప్పను.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. కొత్త బొగ్గును ఉత్తగా చల్లొద్దు. అలా చల్లితే మొదట్లో అది నేలలో ఉన్న నత్రజనినే లాక్కుని మొక్కకు కొరత తేవచ్చు, ఆకులు పసుపుబారడం చూసి బయోచార్ పనికిరాదనుకుంటారు. ముందే కంపోస్టులో కలిపి, తడి ఆరకుండా కొన్ని వారాలు ఉంచండి, తర్వాత మట్టిలో కలపండి. ముందే కలపండి, ముందే! యూరియా మోతాదు మామూలుగా వేసేదే వేయండి, బొగ్గు వేశాం కదా అని మానేయొద్దు. చాలా రకాల బయోచార్‌కు క్షార గుణం ఉంటుంది, అందుకే యూరియాను దాంతో కలిపి నేల మీదే వదిలేస్తే అమ్మోనియాగా గాలిలోకి పోతుంది, ఘాటు వాసన వస్తే మీ డబ్బు ఎగిరిపోతున్నట్టే. మట్టిలోకి కలిసేలా వేయండి. ఇదే గుణం వల్ల ఆమ్ల నేలల్లో ఇది బాగా పనిచేస్తుంది, క్షార నేలల్లో మాత్రం కొంచెం ఆలోచించి, మట్టి పరీక్ష చేయించుకుని దిగండి.

పొడి బొగ్గు చల్లేటప్పుడు కాస్త నీళ్లు చిలకరించండి, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. తేడా మీరే చూడాలంటే, పొలంలో ఒక వరుసకు బయోచార్ వేయకుండా వదిలేసి, ఎరువు మాత్రం అన్నిటికీ సమానంగా వేయండి, కోతప్పుడు బయోచార్ వేసిన వరుస, వేయని వరుస దిగుబడి విడివిడిగా తూచుకోండి.