ఇంటికి ఖర్చుల జాబు రాయడం ఎలా? ముందు తేదీ, తర్వాత మొత్తం

(టేబుల్ మీద నీలిరంగు ఇన్‌లాండ్ కవరు. మడతల దగ్గర చిరిగి ఉంది.)

నమస్కారం. ఇది 1998 జూన్‌లో అనంతపురం హాస్టల్ నుంచి మా నాయనకు నేను రాసిన జాబు. మాది కల్యాణదుర్గం వైపు పల్లె. నాయన పోయాక ట్రంకుపెట్టె సర్దుతుంటే పాత పంచాంగాల మధ్య దొరికింది. లోపల నా రాత: "పరీక్ష ఫీజు, మెస్సు బకాయి కలిపి 1,500 కావాలి. ఐదు రోజుల్లో కట్టాలి."

(కవరు వెనక్కి తిప్పడం. పెన్సిల్ అంకెలు దగ్గరగా.)

ఇది నాయన రాత. "1500 - 3 రూ. - 5 నె. - 225." మూడు రూపాయల వడ్డీ అంటే నూటికి నెలకు మూడు రూపాయలు. జూన్ మా జిల్లాలో విత్తనానికి వేరుశనగ కాయలు కొనే నెల. వేరుశనగ చేతికొచ్చేది అక్టోబరు, నవంబరుల్లో. అప్పటిదాకా, అంటే ఐదు నెలలు, నా 1,500 అప్పుగానే ఉంది. దాని వడ్డీయే ఆ 225. మనియార్డరు చేస్తే గడువు దాటుతుందని నాయనే బస్సెక్కి వచ్చి, డబ్బు నా చేతిలో పెట్టి, మధ్యాహ్నం బస్సుకే తిరిగి వెళ్లాడు. అప్పు చేశానని ఒక్క మాట అనలేదు.

ఆ ఫీజు జూన్‌లో కట్టాల్సి వస్తుందని నాకు జనవరిలోనే తెలుసు. అప్పుడే రాసి ఉంటే, అమ్మిన కాయల డబ్బులో కొంత పక్కన పెట్టేవాడు. ఈ వీడియో చేస్తున్నది అందుకే.

(బోర్డు మీద: "ఎప్పటికి?")

అనంతపురంలో ఆర్ట్స్ కళాశాల 1916లో మొదలైంది. 1946లో మద్రాసులో మొదలైన ఇంజనీరింగ్ కళాశాల 1948లో ఇక్కడికి వచ్చింది. అప్పటి నుంచీ రాయదుర్గం, ఉరవకొండ, మడకశిర పల్లెల పిల్లలు ఇక్కడికి వస్తూనే ఉన్నారు. ఇప్పుడు జాబు బదులు ఫోను ఉంది. "అర్జంటుగా ఐదు వేలు వెయ్యి నాయనా" అని ఒక మెసేజ్ పెడతాము. అర్జంటు అన్న మాటే అప్పు చేయిస్తుంది. సెమిస్టర్ మొదట్లోనే కాలేజీ పరీక్షల క్యాలెండర్ ఇస్తుంది. అది చూసి ఏ నెలలో ఎంత కావాలో ఒకేసారి రాయండి. ఫీజుకు అపరాధ రుసుము లేని గడువు ఒకటి, రుసుముతో మరొకటి ఉంటాయి. ఇంటికి చెప్పాల్సింది మొదటిదే.

మెస్సు సంగతి కొంచెం విడమరచి చెప్పాలి, ఎందుకంటే ఇంట్లో అనుమానం వచ్చేది ఇక్కడే. డివైడింగ్ మెస్సులో నెల ఖర్చంతా లెక్కేసి, తిన్న రోజుల ప్రకారం అందరికీ పంచుతారు. పండక్కి సగం మంది ఊళ్లకు వెళితే వంటవాళ్ల జీతం మిగిలినవాళ్ల మీద పడుతుంది, రోజు రేటు పెరుగుతుంది. "పోయిన నెల కంటే ఎందుకు ఎక్కువైంది?" అని అమ్మ అడగకముందే ఈ మాట రాయండి. సబ్బులు, జిరాక్సులు, టీ ఖర్చు కూడా దాచకుండా రాయండి. టీ తాగావని ఏ అమ్మా కోప్పడదు.

(బోర్డు మీద: 30 + 70)

ఇక పరీక్షలు. "బాగా రాశాను" అంటే ఇంట్లో వాళ్లకు ఏమీ తెలియదు. జేఎన్‌టీయూ అనంతపురం అనే ఇంజనీరింగ్ విశ్వవిద్యాలయం పరిధిలో సబ్జెక్టుకు ఇంటర్నల్ (సెమిస్టర్ మధ్యలో కాలేజీ పెట్టే మిడ్ పరీక్షల వంటివి) 30, చివరి పరీక్ష 70 మార్కులు. చివరి పరీక్షలో 35 శాతం, మొత్తం మీద 40 శాతం రావాలి. ఇంటర్నల్‌లో మీకు 22 వచ్చాయనుకోండి, చివరి పరీక్షలో 18 చాలని లెక్క తేలుతుంది. కానీ 70లో 35 శాతం అంటే 24.5, కాబట్టి 25 తెచ్చుకోవాల్సిందే. ఈ లెక్క నాయనకు అర్థమవుతుంది, ఎరువుల బస్తాల లెక్క ఇంతకంటే కష్టం. ఒక సబ్జెక్టు పోతే పోయిందనే రాయండి. పక్కనే సప్లిమెంటరీ ఎప్పుడో, దానికి ఫీజు ఎంతో రాయండి. ఆ వార్త మరొకరి నోట విన్నప్పుడు పడే బాధ వేరు.

నాయన ఎదురుగా ఉంటే నువ్వు అనే పిల్లలం, జాబులో మీరు అంటాము. ఆ పాత మర్యాద నాకిష్టం. ఇలా మొదలుపెట్టవచ్చు:

(తెర మీద అక్షరాలు ఒక్కొక్కటిగా.)

"పూజ్యులైన నాయనకు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. పరీక్ష ఫీజు గడువు నవంబరు 10. మెస్సుకు ప్రతి నెలా 5వ తేదీ. రెండు మిడ్‌లూ అయ్యాయి, లెక్కల్లో 30కి 14 వచ్చాయి, అందులో నేను వెనకబడ్డాను. రోజూ సాయంత్రం స్నేహితుడి దగ్గర చెప్పించుకుంటున్నాను. కాయల ధర ఎలా ఉంది? అమ్మ మోకాలు నొప్పి తగ్గిందా?"

ఉభయకుశలోపరి అంటే, ఇద్దరి క్షేమం చెప్పుకున్న తర్వాత అసలు విషయం అని. చివరి రెండు ప్రశ్నలు మరవకండి. ఇన్‌లాండ్ కవరు రెండున్నర రూపాయలే. ఫోనులో పంపినా ఫరవాలేదు, కానీ తేదీలు మాత్రం అంకెల్లో రాయండి, నాయన పంచాంగంలో గుర్తు పెట్టుకుంటాడు.

(కెమెరా మళ్లీ పెన్సిల్ అంకెల మీదికి. 225 మీద ఆగుతుంది.)