మంచం పట్టెకు కట్టిన చేయి

అధ్యక్షులవారికీ, వేదికపైనున్న పెద్దలకూ, ఎండకోర్చి వచ్చిన పెన్షనర్ సోదరీసోదరులకూ నమస్కారం. జూన్ 15 వృద్ధులపై వేధింపుల నివారణ కోసం ప్రపంచమంతా పాటించే రోజు గనుక, 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం గురించి మాట్లాడమని కార్యదర్శిగారు నన్ను కోరారు.

అయితే ముందుగా మా మేనత్త చేయి గురించి చెప్పాలి. నెలనెలా డబ్బు కట్టి చేర్పించిన వృద్ధాశ్రమానికి ఒక మధ్యాహ్నం చెప్పాపెట్టకుండా వెళ్లాను. ఆమె కుడి మణికట్టును పాత చీర పేలికతో మంచం పట్టెకు కట్టి ఉంచారు. ముడి విప్పితే, గాజు ఉండవలసిన చోట కమిలిన గీత ఉంది. "లేచి పడిపోతున్నారండీ, అందుకే కట్టాం" అంది ఆయా. ఆమెను తప్పుపట్టను, అన్ని మంచాలకూ ఆమె ఒక్కతే. మా అత్తను అడిగి కట్టారా అంటే మాత్రం యజమాని దగ్గర జవాబు లేదు.

2007 చట్టంలోని 24వ సెక్షన్ ప్రకారం, పెద్దలను చూసుకోవలసినవారు వారిని పూర్తిగా వదిలించుకునే ఉద్దేశంతో ఎక్కడైనా వదిలేస్తే మూడు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడతాయి. ఆర్డీవో స్థాయి అధికారి నడిపే ట్రిబ్యునల్ పిల్లల నుంచి పోషణ ఖర్చు ఇప్పిస్తుంది. ఇవన్నీ ఇంటివాళ్లు పెట్టే బాధలకు మందు. డబ్బు తీసుకున్నవాళ్లే కట్టేస్తే ఏం చేయాలి?

దానికీ దారి ఉంది. కదలకుండా కట్టడం కొత్త శిక్షాస్మృతి అయిన భారతీయ న్యాయ సంహిత 127వ సెక్షన్ కిందికి, అంటే అక్రమ నిర్బంధం కిందికి వస్తుంది. నిస్సహాయులకు సేవ చేస్తామని ఒప్పుకొని కావాలని మానేస్తే 357వ సెక్షన్ వర్తిస్తుంది. పాత శిక్షాస్మృతిలో ఆ తప్పుకు జరిమానా 200 రూపాయలే, ఇప్పుడు 5,000. కానీ చేయి కట్టి ఉన్న మనిషి స్టేషన్‌కు ఎలా వెళుతుంది? చెప్పండి, ఎలా వెళుతుంది? అందుకే తనిఖీ కావాలంటున్నాను. ఆశ్రమాలకు రిజిస్ట్రేషన్, కనీస ప్రమాణాలు ఉండాలన్న సవరణ బిల్లును 2019 డిసెంబరులో లోక్‌సభలో పెట్టారు. 2024లో ఆ సభ రద్దవడంతో అది మురిగిపోయింది.

మీలో ఎవరి అక్కో, వదినో ఆశ్రమంలో ఉంటే ఈ వారమే, చెప్పకుండా వెళ్లి మణికట్లు చూడండి. అనుమానం వస్తే వయోవృద్ధుల హెల్ప్‌లైన్ 14567కు ఫోన్ చేయండి. మన ఊరి ఆశ్రమాలను తనిఖీ చేయాలని కోరుతూ ఆర్డీవోగారికి రాసిన అర్జీ ఆ బల్ల మీద ఉంది. మొదటి సంతకం నాది.