పుస్తకం మూసి రాయండి

(తెర మీద: పసుపు హైలైటర్ గీతలతో నిండిపోయిన ఒక పేజీ)

నమస్కారం. ఈ పేజీని మూడుసార్లు చదివిన విద్యార్థి ముఖ్యమనిపించిన ప్రతి వాక్యానికీ రంగు పూస్తూ పోగా, చివరికి రంగు లేని వాక్యమంటూ మిగల్లేదు. మూడోసారి చదివేటప్పుడు కళ్లు అక్షరాల మీద సాఫీగా సాగిపోతాయి కాబట్టి పాఠం వచ్చేసిందనే ధీమా కలుగుతుంది. నిజానికి అది పాఠంతో ఏర్పడిన ముఖపరిచయం మాత్రమే.

2006లో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికే అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఈ తేడాను కొలిచి చూపారు. కొందరు విద్యార్థులు ఒక గద్యభాగాన్ని నాలుగు విడతలూ చదివారు. మరికొందరు ఒక్క విడత చదివి, మిగిలిన మూడు విడతల్లో పాఠం చూడకుండా గుర్తున్నదంతా రాశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్షిస్తే చదివినవారికి 83 శాతం, రాసినవారికి 71 శాతం గుర్తుంది. వారం తర్వాత పరీక్షించినప్పుడు మాత్రం చదివినవారు 40 శాతం దగ్గర ఆగిపోగా, రాసినవారు 61 శాతం చెప్పగలిగారు. విచిత్రమేమిటంటే, తమకు బాగా గుర్తుంటుందని ముందుగా ఎక్కువ నమ్మకం చూపింది చదివినవారే.

(తెర మీద: తెల్ల కాగితం, పెన్ను)

మూత్రపిండం పనితీరు చదివారనుకుందాం. పుస్తకం మూసి రాయడం మొదలుపెడితే, రక్తకేశనాళికాగుచ్ఛంలో (సన్నని రక్తనాళాల ముద్దలో) రక్తం వడపోతకు గురవుతుందని, వడపోసిన ద్రవం దాన్ని చుట్టి ఉన్న గిన్నెలాంటి బౌమన్ గుళికలోకి చేరుతుందని సులభంగానే వస్తుంది. ఆ ద్రవంలోని గ్లూకోజ్ తిరిగి రక్తంలోకి వెళ్తుందని తెలుసు, కానీ ఎక్కడ అన్న దగ్గర పెన్ను ఆగుతుంది. వెంటనే పుస్తకం తెరవకుండా ఒక నిమిషం తంటాలు పడి, అప్పటికీ రాకపోతే తెరిచి చూడండి: సమీపస్థ సంవళిత నాళంలో, అంటే గుళిక తర్వాత వచ్చే మెలికల గొట్టంలో. ఈ జవాబు మీద మీరు మూడుసార్లు రంగు పూసి ఉండవచ్చు. అది మీకు రాదన్న సంగతి మాత్రం ఇప్పుడే బయటపడింది.

అయితే విషయం పూర్తిగా కొత్తదై, అసలేమీ అర్థం కాని దశలో ఈ పద్ధతి విసుగునే మిగులుస్తుంది. ఆ దశలో, ముఖ్యంగా గణితంలో, సాధించి చూపిన లెక్కలను ఒక్కొక్క మెట్టూ ఎందుకు వచ్చిందని ప్రశ్నించుకుంటూ చదవడమే మేలు.

రాసి చూసుకోవడాన్ని ఒకే రోజు పదిసార్లు చేయకుండా రోజుల ఎడం ఇవ్వాలి. 1970లలో సైన్స్ పాత్రికేయుడు సెబాస్టియన్ లైట్నర్ ప్రచారంలోకి తెచ్చిన, ప్రశ్నలు రాసిన కార్డులను అరల్లో పెట్టే పెట్టె ఇందుకు చక్కని సాధనం: జవాబు చెప్పగలిగిన కార్డు మరింత ఆలస్యంగా తెరిచే తర్వాతి అరలోకి పోతుంది, తప్పిన కార్డు మొదటి అరకే తిరిగి వస్తుంది.

లెక్కల విషయంలో ఇంకొక మాట. ఒకే రకం లెక్కలు వరుసగా చేస్తే ఏ సూత్రం వాడాలో ముందే తెలిసిపోతుంది, పరీక్షలో కష్టమైనది ఆ ఎంపికే. డగ్ రోరర్, కెల్లీ టేలర్ 2007లో ఘనపరిమాణం లెక్కలతో చేసిన ప్రయోగంలో, ఒక్కో రకాన్ని విడిగా సాధన చేసినవారు సాధన సమయంలో 89 శాతం, కలగలిపి చేసినవారు 60 శాతం సరిగా చేశారు. వారం తర్వాత పరీక్షలో మొదటివారికి 20 శాతం, రెండోవారికి 63 శాతం వచ్చాయి.