ఇరవై ఒకటో పుస్తకం

హోస్ట్: నమస్కారం. "హైస్కూల్ పిల్లలకి వ్యాపారం పాఠాలెందుకు, పెద్దయ్యాక వాళ్లే నేర్చుకుంటారు" అనే మాట చాలాసార్లు విన్నాను. ఇవాళ మనతో హైస్కూల్లో కామర్స్ చెప్పే టీచర్ ఉన్నారు. మేడమ్, మీరేమంటారు?

టీచర్: పెద్దయ్యాక లెక్క తప్పితే అప్పులపాలవుతారండీ. స్కూల్లో అయితే కొట్టేసి మళ్లీ వేసుకోవచ్చు. ఒక సంగతి చెప్తాను. మా తొమ్మిదో తరగతి అమ్మాయి స్కూల్ ఎగ్జిబిషన్‌లో బల్ల అద్దెకి తీసుకుని, చేత్తో కుట్టిన నోట్‌బుక్‌లు పెట్టింది. 30 పుస్తకాలూ అయిపోయాయి. "మేడమ్, బోలెడు లాభం!" అని పరిగెత్తుకొచ్చింది.

హోస్ట్: రాదా మరి?

టీచర్: కూర్చుని రాద్దాం రా అన్నాను. కాగితం, దారం, అట్ట... ఎన్ని కుడితే అంత ఖర్చు. బల్ల అద్దె మాత్రం ఒకటి అమ్మినా, ముప్పై అమ్మినా అంతే. ఒక్కో పుస్తకం మీద సామాను ఖర్చు పోగా ఎంత మిగిలిందో చూసి, అద్దెని దానితో భాగించమన్నాను. 20 వచ్చింది.

హోస్ట్: అంటే మొదటి ఇరవై పుస్తకాలూ అద్దెకే సరి!

టీచర్: అవును, ఇరవై ఒకటో పుస్తకం నుంచే లాభం. దీన్నే బ్రేక్ ఈవెన్ అంటాం. సరే, డబ్బేదమ్మా అనడిగితే, 12 పుస్తకాలు ఫ్రెండ్స్‌కి అరువిచ్చిందట. లాభమేమో పది పుస్తకాల మీద మిగిలింది. బయట ఆగిపోయింది పన్నెండు పుస్తకాల పూర్తి ధర. తను పెట్టిన పెట్టుబడే ఇంకా మొత్తం చేతికి రాలేదు.

హోస్ట్: లాభం ఉంది, డబ్బు లేదు.

టీచర్: ఆర్డర్లు బాగా ఉన్న వ్యాపారాలు కూడా చాలాసార్లు ఇక్కడే మూతపడతాయి. కాగితం మీద లాభం కనిపిస్తుంది, జీతాలివ్వాల్సిన రోజున ఖాతా ఖాళీ. ఈ ఒక్క తేడా పధ్నాలుగేళ్లకే తెలియాలని నా పట్టుదల.

హోస్ట్: ఇప్పటికే సిలబస్ ఎక్కువైందంటున్నారు. ఇంకో సబ్జెక్టా?

టీచర్: అక్కర్లేదండీ, లెక్కల క్లాసు చాలు. ప్రతి లావాదేవీనీ రెండు వైపులా రాసే జంటపద్దు విధానాన్ని వివరిస్తూ లూకా పాచియోలీ రాసిన భాగం 1494లో వెనిస్‌లో అచ్చయింది. అదీ ఒక గణిత గ్రంథంలోనే! ఆయన గణిత పండితుడు, క్రైస్తవ సన్యాసి కూడా. వెనిస్ వర్తకులు అప్పటికే వాడుతున్న పద్ధతినే పుస్తకంలోకి ఎక్కించాడు.

హోస్ట్: మరి వ్యాపారమే చేయని పిల్లలకి?

టీచర్: అప్పు కాగితం మీద సంతకం అందరూ పెడతారు కదా. "నెలకి 3 శాతమే" అంటే ఏడాదికి 36 అనుకుంటాం. నెలనెలా అసలులో కలిసే చక్రవడ్డీ అయితే 42 దాటుతుంది. ఏమీ కట్టకపోతే రెండేళ్లలో అప్పు రెట్టింపు. చక్రవడ్డీ సూత్రం పిల్లలకి వచ్చు. అది ఆ కాగితంలో ఎక్కడ దాక్కుందో ఎవరూ చూపించరు, నాకు బాధ అక్కడే.

హోస్ట్: ఇంతకీ ఆ అమ్మాయి?

టీచర్: కాసేపు ముఖం చిన్నబుచ్చుకుంది. తర్వాత బాకీల లిస్టు రాసుకుని బయల్దేరింది. వారంలో తొమ్మిది పుస్తకాల డబ్బు వసూలు చేసింది. మరుసటి ఏడాది పక్క సెక్షన్ అబ్బాయితో బల్ల సగం సగం పంచుకుంది. ధర, ఖర్చు మారలేదు, అద్దె సగమైంది. "మేడమ్, ఈసారి పదకొండో పుస్తకం నుంచే లాభం" అని ముందురోజే లెక్క వేసుకొచ్చి నా టేబుల్ మీద పెట్టింది.